ఇసక సంచుల మధ్య మా అత్తగారు

నేను కాపురానికి వచ్చేనాటికే మా అత్తగారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. యాభైల మొదటి రోజులవి. ముక్తేశ్వరం దగ్గర కొబ్బరితోటల మధ్య వాళ్ళ ఇల్లు. కొత్తకోడలిగా గుమ్మం దాటి లోపలికి వచ్చిన నా మొహాన్ని ఆవిడ రెండు చేతులతో తడిమి, "ముక్కు బానే ఉంది" అని నవ్వింది. మా ఇద్దరి పరిచయం అంతే.

ఆవిడకి వెలుగూ చీకటీ తెలిసేవి. ఎదురుగా మనిషి నిలబడితే నీడలా కదిలేది గాని, ఎవరో పోల్చుకోవడం కుదిరేది కాదు. అయినా ఇల్లంతా చెవులతోనే నడిపేది. ఎసరు మరిగిన చప్పుడు నాకన్నా ముందు ఆవిడకే వినబడేది. దూడ కట్టు తెంచుకుంటే వంటింట్లో ఉండే పసిగట్టేది. నాది కాస్త బొంగురు గొంతు. దాన్ని బట్టి నేను ఎత్తూ లావూ ఉన్న భారీ మనిషినని మనసులో ఒక బొమ్మ గీసుకుంది. అటక మీది గంగాళం దించాలంటే నన్నే పిలిచేది. నేను పీట మీద పీటేసుకుని, మునివేళ్ళ మీద లేచి దించుతున్న సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

కాకినాడ వెళ్ళి ఆపరేషన్ చేయించుకోమని మా ఆయన ఎన్నోసార్లు చెప్పి చూశారు. ఆవిడ ఒప్పుకునేది కాదు. దానికి కారణం ఉంది. ఆవిడ అక్కగారికి వెనకటి రోజుల్లో ఊరూరా తిరిగే వైద్యుడొకడు అరుగు మీద కూర్చోబెట్టి, సూదితో శుక్లాన్ని కంటి లోపలికి నొక్కేశాడట. ఆ పూట లోకమంతా కనబడిందని ఆవిడ వీధిలోకి పరిగెత్తి అందరినీ పేరుపేరునా పిలిచిందట. తరవాత కన్ను ఎర్రబడి, చీము పట్టి, మొత్తానికే పోయింది.

"ఈ ఉన్న నీడైనా నాకుండనీండర్రా" అనేది మా అత్తగారు.

అంత మొండిగా ఉన్న మనిషి మనసు మా నాన్నగారి వల్ల మారింది. ఆయన బడిపంతులు. నన్ను చూసి వెళదామని ఒకరోజు తెల్లని లాల్చీ, భుజాన కండువాతో వచ్చారు. దడి దగ్గర ఆగి గొంతు సవరించుకున్నారు. ఆ పొద్దుటి నుంచీ మా అత్తగారు కొబ్బరికాయలు దింపే మనిషి కోసం అరుగు మీద కాచుకుని కూర్చుంది.

"ఇప్పుడా రావడం? ఎండెక్కేక ఏం దింపుతావు! ముందా నూతి పక్క చెట్టెక్కి నాలుగు బొండాలు కొయ్యి. వియ్యంకుడుగారు వచ్చే వేళైంది" అని గట్టిగా కేకలేసింది.

మా నాన్నగారు ఆడపిల్లనిచ్చుకున్న మనిషి. వియ్యపురాలి మాట కాదనడం ఎలాగో ఆయనకి తోచలేదు. "ఆయ్, అలాగేనండీ" అన్నారు. ఆ గొంతు విని నేను పెరట్లోకి వచ్చేసరికి, చెప్పులు విడిచి, కండువా నడుముకి బిగించి, చెట్టు మొదట్లో నిలబడి పైకి చూస్తున్నారు.

"అయ్యో, నాన్నగారూ! అదేంటండీ!" అని అరిచాను.

మా అత్తగారికి సంగతి అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలువునా కొయ్యబారిపోయింది.

"పర్లేదండీ చెల్లెమ్మగారూ, చిన్నప్పుడు ఎక్కేవాణ్ణేనండీ" అన్నారు మా నాన్నగారు, ఆవిణ్ణి ఊరడిస్తూ.

భోజనాలయ్యాక ఆవిడ మా ఆయన్ని దగ్గరికి పిలిచింది. "ఒరే అబ్బాయ్, ఆ కాకినాడేదో తీసుకుపోండిరా నన్ను. వియ్యంకుణ్ణి చెట్టెక్కించబోయేక ఇంక ఈ కళ్ళు పెట్టుకుని ఏం చేసుకోను?" అంది.

మా ఆయనా, నేనూ ఆవిణ్ణి తీసుకుని ముక్తేశ్వరం రేవులో పడవెక్కి, గౌతమి దాటి కోటిపల్లిలో దిగాం. అక్కణ్ణుంచి ద్రాక్షారామం మీదుగా బస్సు. దారి పొడుగునా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. ఆసుపత్రిలో డాక్టరుగారు సన్నగా ఉన్నారు, మెల్లగా మాట్లాడారు. దీపం పెట్టి కళ్ళు చూసి, శుక్లాలు బాగా పండాయనీ, ముందు ఒక కంటికి చేసి, అది కుదుటపడ్డాక రెండోదాని సంగతి చూద్దామనీ చెప్పారు. తరవాత కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"అమ్మగారూ, మీకో మాట చెప్పాలండి. ఆపరేషన్ అయ్యేక మనిషిని కదలకుండా వెల్లకిలా పడుకోబెట్టి, తలకి అటూ ఇటూ ఇసక సంచులు పెడతాం. ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. అయితే మర్నాడే లేపి కూర్చోబెట్టినా కంటికేమీ కాదని ఇప్పుడు కొందరంటున్నారు. అందులో నిజమెంతో చూద్దామని, రోగులు వచ్చిన వరసలోనే ఒకరిని పడుకోబెడుతున్నాను, ఆ తరవాతి మనిషిని మర్నాడే లేపుతున్నాను."

"అయితే నన్ను లేచేవాళ్ళలో వెయ్యి బాబూ. పడుకోవడం నా వల్ల కాదు."

"ఎవరు కోరుకున్నదాంట్లో వాళ్ళని వేస్తే నాకు నిజం తెలీదు కదండీ. మీకిష్టం లేకపోతే మామూలు పద్ధతిలోనే చేసేస్తాను."

"మామూలు పద్ధతంటే?"

"పడుకోవడమేనండి."

ఆవిడ పకపకా నవ్వింది. "ఎటు తిరిగినా పడుకోబెట్టేలాగే ఉన్నావు. సరే, నీ వరసలోనే పోనీ" అంది. వరసలో ఆవిడకి ఇసక సంచులే వచ్చాయి.

ఆపరేషన్ గదిలో ఏమైందని తరవాత ఎవరడిగినా ఆవిడ ఒకటే చెప్పేది. "మెలకువగానే ఉన్నాను. కంటి పక్కన సూదిమందు చేసేరు. ఏదో పీకినట్టయింది గాని నొప్పి లేదు. ఉన్నట్టుండి ఆ పొర కాస్తా వచ్చేసింది. పొయ్యి మీద పాలు పొంగినట్టు వెలుగు పొంగుకొచ్చేసిందనుకోండి!"

ఆ వెలుగుని వెంటనే కట్టు కట్టి మూసేశారు. రెండు కళ్ళకీ కట్టే. తల అటూ ఇటూ తిప్పకుండా సంచులు. నేను పక్కన కూర్చుని చెంచాతో జావ పోసేదాన్ని. మంచం మీద కాలు ఆడించకుండా ఉండడమే ఆవిడకి పెద్ద శిక్ష.

పక్క మంచం మీద కాట్రేనికోన నుంచి వచ్చినావిడ ఉండేది. చేపలమ్ముకునే కుటుంబం. ఆవిడది లేచేవాళ్ళ వరస. మర్నాడు పొద్దున్నే కళ్ళకి కట్టుతోనే లేచి దిండుకి ఆనుకుని కూర్చుంది. ఇక నోటికి అడ్డే లేదు.

"మా ఆయనకి నేనంటే ఎంత బయ్యమో తెలుసా ఒదినా? నాకు కళ్ళు కనబడవని తెలిసి కూడా, సుట్ట కాల్చుకోవాలంటే దొడ్లోకి పోయేవోడు. ఇప్పుడు సూపొచ్చేత్తే ఇంక ఊరొదిలి పోవాలేమో పాపం!"

మా అత్తగారి కాలివేళ్ళు ముడుచుకున్నాయి. పెదవులు బిగబట్టింది. అయినా పొట్ట అదిరిపోతోంది. నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది.

"నవ్వకూడదమ్మా! దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు. కుట్లు తెగితే కన్ను పోద్ది."

"నేనెక్కడ నవ్వేనమ్మా? ఆవిడే నవ్విస్తోంది."

"పోనీ ఏడుపు కతలు చెప్పమంటావా?" అంది కాట్రేనికోన ఆవిడ.

"ఏడవనూ కూడదు!" అని నర్సమ్మ అరిచి, తనే నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది.

మా ఊళ్ళో అయితే ఆవిడ మా అరుగెక్కి కూర్చోదు, మావాళ్ళు కూర్చోమనరు. అక్కడ ఇద్దరికీ కళ్ళకి గంతలు. ఎవరు ఎవరో అడగాలని కూడా ఇద్దరికీ తోచలేదు. నేను జావ కాస్తే రెండు గిన్నెల్లో పోసేదాన్ని. "నీ కోడలి చెయ్యి మంచిది ఒదినా" అనేది ఆవిడ. మా అత్తగారు గర్వంగా "మనిషి కూడా భారీ మనిషే" అని జవాబు చెప్పేది.

కట్టు విప్పే రోజు వచ్చింది. అప్పటికే కాట్రేనికోన ఆవిణ్ణి వాళ్ళాయన ఇంటికి తీసుకుపోయాడు. మొదట అంతా మసకే. కాని రంగులు తెలిశాయి. "అమ్మాయ్, నీ చీర నీలమా? నీలమంటే ఇంత నీలంగా ఉంటుందేంటి!" అని ఆశ్చర్యపోయింది. శుక్లం పట్టిన కంటికి అన్ని రంగులూ మురికి పసుపులో కలిసిపోతాయనీ, అది తీసేశాక నీలం అలాగే మెరుస్తుందనీ డాక్టరుగారు చెప్పారు. ఆయన దళసరి అద్దమొకటి తీసి, ఆవిడ కంటి ముందు పట్టి, వెనక్కీ ముందుకీ జరిపారు. ఒకచోట ఆగారు.

మా అత్తగారు నన్ను చూసింది. పైనుంచి కిందికీ, మళ్ళీ పైకీ చూసింది.

"ఓసి! ఇంత చిన్నపిల్లవా నువ్వు!" అంది. "ఇంత పిల్లచేతా నేను గంగాళాలు దింపించింది?" అంటూ నా మొహాన్ని దగ్గరికి లాక్కుంది. ఏడవకూడదని డాక్టరుగారు అంటూనే ఉన్నారు. మేమిద్దరం వినలేదు. ఆ తరవాత మా ఆయన వైపు తిరిగి, "నీ జుట్టేదిరా?" అంది. వార్డంతా నవ్వింది. ఇక సంచుల అవసరం లేదు గనక ఆవిడ కూడా తృప్తిగా నవ్వింది.

గాయం మానాక కళ్ళద్దాలిచ్చారు. సీసా అడుగులంత మందం. వాటిలోంచి చూస్తే అన్నీ పెద్దవిగా, దగ్గరగా కనబడేవి. మజ్జిగ గ్లాసులో పోయబోయి గ్లాసుకి ఇవతలే పోసేసేది. గడప ఎత్తుగా ఉందనుకుని గుర్రంలా కాలెత్తి దాటేది. "పొట్లకాయలు ఈ ఏడు ఏనుగు తొండాల్లా కాసేయి" అని మురిసిపోయి, అద్దాలు తీసి చేత్తో కొలిచి నిరాశపడేది. వర్షాలొచ్చేసరికి కంటికీ చేతికీ స్నేహం కుదిరింది. అప్పట్నుంచి బియ్యంలో రాళ్ళేరే పని నాకు దక్కనిచ్చేది కాదు.

ఏడాది గడిచాక ఒక ఉదయం డాక్టరుగారు అద్దె సైకిలు మీద మా ఇంటికి వచ్చారు. తను ఆపరేషన్ చేసినవాళ్ళందరినీ ఊరూరా తిరిగి చూస్తున్నానన్నారు. అట్ట మీద గీసిన గుర్తులు చూపించి ఎటు తిరిగి ఉన్నాయో చెప్పమన్నారు. సూదిలో దారం ఎక్కించమన్నారు. నూతిదాకా నడిచి రమ్మన్నారు. పనులు ఎలా చేసుకుంటోందని నన్ను విడిగా అడిగారు.

"కాట్రేనికోన ఆవిడకి ఎలా ఉంది బాబూ? నాకన్నా బాగా కనబడుతోందా?" అని అడిగింది అత్తగారు.

"ఆవిణ్ణి నిన్ననే చూసేనండి. మీ ఇద్దరికీ ఒక్కలాగే ఉంది."

"మరి నన్నెందుకయ్యా సంచుల మధ్య కట్టిపడేసేవు?"

"ఆ ముక్క తెలుసుకుందామనే కదండీ ఇంత దూరం సైకిలు తొక్కింది!" అని ఆయన కూడా నవ్వేశారు.

కాని అందరి సంగతీ మాలాగా లేదు. అవతలి ఊళ్ళో ఒక పెద్దాయనకి ఆపరేషన్ తరవాత చీము పట్టి కన్ను దక్కలేదు. డాక్టరుగారు మా ఇంటికన్నా ముందు ఆయన దగ్గరికే వెళ్ళి, అరుగు మీద చాలాసేపు కూర్చుని వచ్చారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు.

"బాగైనవాళ్ళ ఇళ్ళకే వెళితే భోజనాలు పెడతారు గాని అమ్మగారూ, నాకు కొత్తగా తెలిసేదేమీ ఉండదండి" అన్నారు.

మా అత్తగారు ఆయన చేతికి మజ్జిగ గ్లాసు అందించింది. తరవాత, "రెండో కన్ను కూడా నీ చేతే చేయించుకుంటాను బాబూ" అంది. ఆయనకి అంతకన్నా పెద్ద మాట ఇంకొకటి అక్కర్లేదనిపించింది నాకు.

మేము రెండో కంటికి వెళ్ళేసరికి ఆ వార్డులో ఇసక సంచులు కనబడలేదు. మర్నాడే కూర్చోబెట్టారు. ఈసారి మా వీధిలోని ఇద్దరు ముసలమ్మల్ని కూడా ఆవిడ వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళకి ధైర్యం చెప్పే పని పూర్తిగా తనదేనన్నట్టు మంచాల మధ్య పెత్తనం చేసింది.

ఆ వేసవిలో కాట్రేనికోన వెళ్ళాలని పట్టుబట్టింది. పుట్టి పెరిగింది ఈ సీమలోనే అయినా ఆవిడ సముద్రం ఎప్పుడూ చూడలేదు. బండి మీద కొంత దూరం, కాలవలో పడవ మీద కొంత దూరం వెళ్ళాం. స్నేహితురాలు రేవుకే ఎదురొచ్చింది. కట్లు లేకుండా ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడం అదే మొదలు.

"నువ్వింత నల్లగా ఉంటావనుకోలేదు" అంది మా అత్తగారు.

"నువ్వింత పొట్టిగా ఉంటావని నేనూ అనుకోలేదు ఒదినా" అంది ఆవిడ.

ఇసకలో పక్కపక్కన కూర్చున్నారు. అలలు వచ్చి పాదాలు తడుపుతున్నాయి. ఎవరి అద్దాలు మంచివో తేల్చుకుందామని ఇద్దరూ అద్దాలు మార్చుకుని పెట్టుకున్నారు. మా అత్తగారు నీళ్ళ వైపు చాలాసేపు చూసింది.

"నీ అద్దాల్లో కెరటాలు ఎక్కువ కనబడుతున్నాయే" అంది.

"అయి మా ఊరి కెరటాలు మరి" అంది ఆవిడ, చెంగుతో మా అత్తగారి అద్దాలు తుడిచి ఇస్తూ. ఆ తరవాత వాళ్ళాయన కాల్చి తెచ్చిన లేత మొక్కజొన్న పొత్తులు తింటూ, పోటు తగ్గేదాకా మేమక్కడే కూర్చున్నాం.