మానిఫెస్ట్‌లో మూడేళ్ళ పాప

2023 డిసెంబరులో ఒక శనివారం. మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు, గల్ఫ్‌లో, డేరా బజారులోని మా ట్రావెల్ ఆఫీసులో ఉండగా నా ఫోనుకి ఒక ఫోటో వచ్చింది. పోర్చుగల్‌లో అప్పుడు ఉదయం పదకొండు నలభై. ఎరుపు, నీలం, ఆకుపచ్చ చారలు నిలువునా వేసిన చెక్క ఇళ్ళ ముందు మేం పంపిన బృందం వరసగా నిలబడి నవ్వుతోంది. కింద "ఫుల్ టీమ్" అని రాసి ఉంది.

పిల్లలు పుట్టినప్పటి నుంచి ఏ ఫోటోలోనైనా నాకు ముందు పిల్లలే కనిపిస్తారు. మాల్‌లో అయినా, పార్కులో అయినా నావాళ్ళు కాని పిల్లల్ని కూడా లెక్కపెడుతుంటాను. మా ఇంట్లో దీని మీద వేళాకోళం ఎక్కువే. ఆ ఫోటోలోనూ లెక్కపెట్టాను. పన్నెండు మంది. ఫోటోని పెద్దది చేసి మళ్ళీ లెక్కపెట్టాను. పన్నెండే. ఉండాల్సింది పదమూడు. ఆరేళ్ళ ఆద్య లేదు.

పక్క టేబుల్ దగ్గర మా ముదీర్ ఖాదర్ భాయ్ ఉన్నాడు. ఆఫీసు నడిపేది ఆయనే. హైదరాబాద్ పాతబస్తీ మనిషి. ఫోన్ ఆయన ముందు పెట్టాను.

"ఫోటో తీసింది ఆ పాపే అయ్యుంటది బేటా," అన్నాడు.

"ఆరేళ్ళ పిల్ల తీస్తే అందరి తలలూ తెగిపోయేవి భాయ్. కింద నీడ చూడండి. తీసింది గైడు."

"అయితే బాత్రూమ్‌కి పోయింది. నువ్వు టెన్షన్ మాస్టర్‌వి. చాయ్ తాగు."

చాయ్ తాగే పరిస్థితి కాదని నాకెందుకు అనిపించిందో చెప్పాలంటే, మూడు వారాలు వెనక్కి వెళ్ళాలి.

నా పని టూర్ ఆపరేషన్స్. క్లయింటుకి టికెట్టు, వీసా, హోటలు అయ్యాక, ఆ ఊళ్ళో వాళ్ళని తిప్పే లోకల్ ఆపరేటర్‌తో మాట్లాడి, ఎవరెవరు వస్తున్నారో జాబితా పంపడం నా బాధ్యత. ఆ జాబితానే మానిఫెస్ట్ అంటారు. అందులో మనుషుల్ని మనుషులనం, పాక్స్ అంటాం. పన్నెండు పాక్స్ అంటే పన్నెండు తలలు. గైడు నమ్మేది ఆ కాగితాన్నే.

ఈ క్లయింటు శ్రీనివాస్ గారు. రువైస్ రిఫైనరీలో షిఫ్ట్ ఇన్‌చార్జి, ఊరు జగిత్యాల దగ్గర. ఒకే కాలనీలో ఉండే మూడు కుటుంబాలు కలిసి పోర్టో వెళ్తున్నాయి. అక్కడి నుంచి గంట దూరంలో అవైరో అని కాలవల ఊరుంది. ఊరి మధ్యలో కాలవలు, వాటిలో ముక్కు పైకి వంగిన రంగురంగుల పడవలు. ఒకప్పుడు పొలాల ఎరువు కోసం నీటినాచు మోసిన పడవలు ఇప్పుడు టూరిస్టుల్ని మోస్తున్నాయి. పడవ, మిఠాయి దుకాణాలు, ఆ తర్వాత సముద్రం ఒడ్డున చారల ఇళ్ళు, మధ్యాహ్నానికి మళ్ళీ పోర్టో. పూటలో అయిపోయే ప్రయాణం. పేరు స్మాల్ గ్రూప్ టూర్. అంటే ఒక గైడుకి పన్నెండు మందే. పదమూడో మనిషి ఉంటే రెండో గైడు, రెండో బండి. నాలుగేళ్ళ లోపు పిల్లలు మాత్రం ఈ లెక్కలోకి రారు.

వీళ్ళు పదమూడు మంది.

"రెండు బండ్లయితె ఏం మజా ఉంటది మేడమ్?" అన్నారు శ్రీనివాస్ గారు ఫోనులో. "మా చిన్న పోరికి మూడేండ్లని రాయుర్రి. ఖలాస్."

"పాస్‌పోర్టులో ఆరేళ్ళ ఎనిమిది నెలలుందండీ. వీసాకి మీరే ఇచ్చారు కదా."

"బస్సుల పాస్‌పోర్ట్ ఎవడు జూస్తడు? ఊర్ల కండక్టర్ అడిగితె ఏం చెప్తం మనం? గట్లనే. పోరికి నేర్పి పెట్టిన. ఎవరడిగినా మూడే అంటది, మస్తు హుషారు."

నేను ఖాదర్ భాయ్ వైపు చూశాను. "చిన్న విషయం బేటా, రాసెయ్," అన్నాడు. రాసేశాను. పన్నెండు పాక్స్, ఒక ఇన్ఫెంట్, వయసు మూడు. నా వేళ్ళతో నేనే టైపు చేశాను. ఆయన చెప్పాడని, ఈయన అడిగాడని ఎన్ని అనుకున్నా, ఆ అంకె వేసింది నేను.

అందుకే ఆ శనివారం చాయ్ వదిలేసి శ్రీనివాస్ గారికి ఫోన్ చేశాను.

"ఆఁ మేడమ్, మస్తుగుంది ఇక్కడ! సముద్రం..."

"ఆద్య ఎక్కడుందండీ?"

"ఆద్యనా? వాళ్ళమ్మ తాన ఉంటది. ఏయ్ సుజాతా, పోరి నీ తాన లేదా?"

గాలి హోరులో ఆయన భార్య గొంతు వినిపించింది. "నా తాన ఎందుకుంటది? వెనుక సీట్ల రియాతోని కూసున్నది గదా!"

ఇంకో ఆడమనిషి గొంతు. ఆద్య స్నేహితురాలు రియా వాళ్ళమ్మ. "లేదక్కా, పడవ దిగంగనే జాకెట్ కోసం నీ తానకే ఉరికింది. నీతోనే ఉన్నదనుకున్న."

సుజాత గారు పెట్టిన కేక ఫోనులో నుంచి మా ఆఫీసంతా వినిపించింది. ఖాదర్ భాయ్ కుర్చీలో నుంచి లేచి నిలబడ్డాడు.

పాప కాలవ ఒడ్డునే ఉండిపోయింది. బస్సు అక్కడి నుంచి కదిలి ఇరవై అయిదు నిమిషాలైంది.

గైడు పేరు రూయి. ఏం జరిగిందో అతను తర్వాత నాకు చెప్పాడు. మానిఫెస్ట్‌లో మూడేళ్ళని చూసి అతను బస్సులో పసిపిల్లల సీటు బిగించి తెచ్చాడు. పొద్దున హోటల్ దగ్గర సుజాత గారు ఆద్య జాకెట్ హుడ్ ముఖం మీదికి లాగి, నిద్రపోతున్న పసిబిడ్డలా భుజాన వేసుకుని ఎక్కించారు. ఆ సీటులో ఆరేళ్ళ పిల్ల ఎలా పడుతుంది? బస్సు కదలగానే దిగి వెనక్కి వెళ్ళి స్నేహితురాలి పక్కన కూర్చుంది. ఖాళీ సీటులో అందరూ జాకెట్లు పడేశారు. అవైరోలో ఎండ కాసిందని ఆద్య గులాబీ జాకెట్ కూడా అక్కడికే చేరింది. తిరిగి బయల్దేరేటప్పుడు రూయి తలలు లెక్కపెట్టాడు. పన్నెండు వచ్చాయి. కాగితంలోనూ పన్నెండే. పసిపిల్లల సీటులో గులాబీ హుడ్ కనిపించింది. బిడ్డ నిద్రపోతోందనుకుని, లేవకూడదని బస్సుని మెల్లగా కదిలించాడట ఆ మహానుభావుడు.

నేను రూయికి ఫోన్ చేసేసరికి అతను అప్పటికే బస్సు వెనక్కి తిప్పాడు. పోలీసులకి చెప్పాడు, పడవల కంపెనీకి చెప్పాడు. నాతో ఇంగ్లీషులో గబగబా అన్నాడు: "పాప దొరకలేదు. మూడేళ్ళ పిల్ల ఎక్కడా కనిపించలేదంటున్నారు. పడవలు ఆపేశారు. నీళ్ళలో చూస్తున్నారు."

నీళ్ళలో చూస్తున్నారు. మూడేళ్ళ పిల్ల కాలవ ఒడ్డున కనిపించకపోతే ఎవరైనా ముందు చూసేది నీళ్ళలోనే. వాళ్ళు తమ పని సరిగ్గానే చేస్తున్నారు. వాళ్ళు వెతుకుతున్న పిల్లే లేదు. మోకాలి ఎత్తు పసిపాప కోసం వెతుకుతుంటే, రెండు జడలతో నడుం దాటిన ఎత్తున్న పిల్ల కళ్ళ ముందు నిలబడినా ఎవరికీ పట్టదు.

వెంటనే శ్రీనివాస్ గారికి చేశాను. "రూయికి అసలు వయసు చెప్పండి. ఇప్పుడే చెప్పండి."

ఆయన గొంతు తగ్గించారు. "మేడమ్, పోలీసులున్నరు. తప్పు రాసినమని కేసైతె వీసా పోతది. మళ్ళ రువైస్‌ల కంపెనీకి తెలిస్తె ఖలాస్. మూడే అననియ్యుర్రి. పోరి దొరికినంక జూద్దాం."

"పోరి దొరకాలంటేనే ఆరు అని చెప్పాలండీ!"

జీవితంలో ఒక క్లయింటు మీద అంతలా అరవడం అదే మొదటిసారి. గల్ఫ్‌లో పదిహేనేళ్ళు బతికిన మనిషికి పోలీసంటే వీసాయే గుర్తొస్తుందని నాకు తెలుసు. మా ఆయనకీ అంతే. కానీ కన్నకూతురు నీళ్ళ దగ్గర తప్పిపోయి ఉంటే, ఆ భయం నోటికి అడ్డం పడుతుందా? పడుతుంది. ఆ రోజు చెవులారా విన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. అయినా మూడు అనే మాట వదల్లేకపోయారు.

నేను వీసా ఫైలు తెరిచాను. ఆద్య పాస్‌పోర్టు కాపీ బయటికి తీశాను.

"బేటా, ఒక్క నిమిషం," అన్నాడు ఖాదర్ భాయ్. "అది పంపితే ఆపరేటర్ మనల్ని పక్కన పెట్టేస్తాడు. మానిఫెస్ట్ మీద మన స్టాంపే ఉంది. ముందు ఫోన్‌లో మెల్లగా..."

ఆయన మాట పూర్తయ్యేలోగా రూయికి పంపేశాను. కింద ఒక్క వాక్యం రాశాను. పాప వయసు ఆరేళ్ళ ఎనిమిది నెలలు, రెండు జడలు, మానిఫెస్ట్‌లో నేను తప్పు రాశాను. ఖాదర్ భాయ్ తల పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి లేచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టాడు.

అయిదారు నిమిషాల్లో రూయి నుంచి ఫోన్ వచ్చింది. అతను నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. పాప దొరికింది. దొరకడమేమిటి, అసలు పోనే లేదు. పడవలరేవుకి నాలుగడుగుల దూరంలోని మిఠాయి దుకాణంలో అరగంట నుంచి కూర్చుని ఉంది. దుకాణం నడిపే పెద్దావిడ తప్పిపోయిన పిల్ల ఉందని పోలీసులకి ముందే చెప్పింది. వయసెంత అని వాళ్ళడిగితే ఏడేళ్ళు ఉండొచ్చంది. మాకు కావాల్సింది మూడేళ్ళ పాప అని వాళ్ళు ఫోన్ పెట్టేశారు. ఆవిడ పిల్లనే అడిగింది. ఆద్య మూడు వేళ్ళు చూపించింది. ఆవిడ నవ్వి మళ్ళీ అడిగింది. మళ్ళీ మూడు వేళ్ళే. కాగితం ఇస్తే తన పేరు, స్కూలు పేరు, రువైస్ అని ఇంగ్లీషులో పొందిగ్గా రాసి, పక్కన మూడు అని కూడా రాసిందట. నాన్న నేర్పిన పాఠం ఆ పిల్ల ఒక్కసారి కూడా తప్పలేదు.

పది నిమిషాల తర్వాత శ్రీనివాస్ గారు ఫోన్ చేశారు. ఏడుపు. పక్కన సుజాత గారి ఏడుపు. "మేడమ్, మీరు దేవుడసొంటోళ్ళు," అన్నారు. నాక్కూడా కళ్ళలో నీళ్ళొచ్చాయి. అంతలో సుజాత గారు ఫోన్ లాక్కున్నారు.

"మేడమ్, ఆ ముసలామె దీనికి పచ్చసొన మిఠాయి పెట్టిందంట. శంఖం లెక్క ఉన్నదంట. నాలుగు తిన్నది. ఇయ్యాల శనివారం!"

అలాగేనండి అన్నాను.

గంట తర్వాత ఆయన మళ్ళీ చేశారు. ఈసారి గొంతు మారింది. "పాస్‌పోర్ట్ పంపకుంటె అయిపోతుండె మేడమ్. ఎట్లైనా దొరుకుతుండె. ఇప్పుడు ఆ గైడు మమ్ముల దొంగల లెక్క జూస్తున్నడు." దేవుడి దగ్గర నుంచి ఇక్కడికి రావడానికి అరవై నిమిషాలు పట్టింది.

సాయంత్రం ఆపరేటర్ నుంచి మెయిల్ వచ్చింది. వివరణ కావాలన్నారు. టైపింగ్ మిస్టేక్ అని రాసి పంపమన్నాడు ఖాదర్ భాయ్. మూడుకీ ఆరుకీ మధ్య వేలు జారడం సులువేనన్నాడు. వేలు జారలేదు, తెలిసే వేశాను అని రాశాను. ఆయన చదివి, తన పేరు కూడా కింద చేర్చాడు. ఆ తర్వాత ఆ ఆపరేటర్ పిల్లల పాస్‌పోర్టు కాపీలు లేకుండా మా నుంచి ఒక్క బుకింగ్ కూడా తీసుకోలేదు. సరిగ్గానే చేశారు.

ఈ పనిలో కొత్తగా చేరేవాళ్ళకి ఇప్పుడు నేను చెప్పేది ఇదే. మానిఫెస్ట్ అంటే అంకెల కాగితం కాదు. ఏదైనా అయితే, ఒక మనిషిని వెతకడానికి ముక్కూముఖం తెలియనివాళ్ళ చేతిలో ఉండే ఒకే ఒక్క ఆనవాలు. అందులో ఎంత చిన్న అబద్ధం రాసినా, అవసరమైన రోజున వాళ్ళు ఆ అబద్ధాన్నే వెతుకుతారు. గైడుల్ని కూడా తలలు కాదు, పేర్లు పిలవమంటాను. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఇదంతా ఇప్పుడు పిల్లలు పడుకున్నాక రాస్తున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉన్న ముక్క ఇంకొకటి మిగిలింది. ఆ మర్నాడు ఆదివారం. ఇంటర్నేషనల్ సిటీ కాలనీలోని మా ఇంట్లో పొద్దున్నే దోసెలు పెట్టి, పిల్లలిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టాను. పాపకి మూడు, బాబుకి అయిదు. తప్పిపోతే ఏం చెయ్యాలి, ఎవరికి చెప్పాలి, అమ్మ ఫోన్ నంబరెంత అని అడిగాను. బాబు గడగడా చెప్పాడు.

"నీ వయసెంత అని అడిగితే?"

వాడు దోసె నములుతూ నావైపు, వాళ్ళ నాన్న వైపు మార్చి మార్చి చూశాడు.

"నిజం వయసా అమ్మా, టికెట్ వయసా?"

మా ఆయన పేపరు చదువుతున్నట్టు ఫోన్ పైకెత్తుకున్నాడు. అంతకు ముందు నెలలో పిల్లల ఆటస్థలం కౌంటర్ దగ్గర, వీడికి నాలుగు నిండలేదని చెప్పింది ఆయన. పక్కనే నిలబడి తలూపింది నేను.

"మనకి టికెట్ వయసు లేదు నాన్నా," అన్నాను. "ఒక్కటే వయసు. నీకు అయిదు. పోలీసు అడిగినా అయిదే, పక్కింటి ఆంటీ అడిగినా అయిదే. నాన్న వేరే చెప్పమంటే చెప్పకు. నేను చెప్పమన్నా చెప్పకు."