దేవర బియ్యం, చిన్న పళ్ల చక్రం

మా ముత్తాత రంగారావు దేశ్‌ముఖ్ నిజాం కాలంలో రాజురా వైపు పన్నెండు ఊళ్ల శిస్తు వసూలు చేసేవారు. మా తాత గోపాలరావు గడప దాటితే గుర్రం మీదే. గుట్ట మీది దేవర జాతరకు మొదటి నైవేద్యం బియ్యం ఇప్పటికీ మా ఇంటి నుంచే వెళ్లాలి. ఇంటి పెద్ద స్వయంగా వాహనం మీద తేవాలి. గుట్ట ఎక్కే ఘాటు దారి మొదలు నుంచి గుడి దాకా అతని కాలు నేలకు తగలకూడదు. తగిలితే ఆ హక్కు చిన్నాయన ఇంటికి పోతుంది. ఇంజను బండి మీద తెచ్చిన బియ్యం దేవరకు పనికిరాదు.

తాత గుర్రం మీద, నాయన ఎడ్లబండి మీద తెచ్చారు. నా వంతు వచ్చేసరికి ఎడ్లు లేవు. చిన్నాయన కొడుకు మాధవరావుకు మాత్రం మంచి జత ఉంది. అందుకే సైకిల్ కొనడానికి చంద్రపూర్ బయలుదేరాను.

పొద్దున ఆరున్నరకు మహారాష్ట్ర సర్కారు ఎస్టీ బస్సులో కిటికీ పక్కన, ఒళ్లో దుప్పటి చుట్టిన మూటతో కూర్చున్నాను. రాజురాలో లింగయ్య ఎక్కాడు. మా ఊరివాడే, బల్లార్‌పూర్ బొగ్గుగనిలో పని.

“ఏంది దొరా, మూట నువ్వే మోస్తున్నవ్?”

“నా మూట నేనే మోస్త.”

“గట్లనా! మరి దేవర బియ్యం? మాధవరావు పటేలు అప్పుడే బండికి రంగేయిస్తుండు.”

సంగతి చెప్పాను. బల్లార్‌పూర్ వచ్చినా లింగయ్య దిగలేదు. ఇవాళ తనకు సెలవట, సైకిల్ బేరం చూడాలట.

చంద్రపూర్ స్టాండు దగ్గర తర్రి అనే కారం పులుసు పోసిన అటుకుల పోహా బాగుంటుంది. వెళ్లేవాళ్లు తినకుండా కదలవద్దు. లింగయ్యను రెండో ప్లేటు దగ్గర వదిలి, గోల్ బజారులో నా చిన్న పని ముగించుకొచ్చాను.

“మూటేది దొరా?”

“అప్పజెప్పిన.”

“మంచిగైంది, చేతులకు సుఖం.”

సైకిళ్ల షేటు ముందుగా రంగురంగుల గేర్ సైకిల్ చూపించాడు. టీవీలో రోజూ వస్తుందట. దాని సన్నని క్యారియర్ బియ్యం మోయదని తోసిపుచ్చి, మామూలు నల్ల సైకిలే తీసుకున్నాను. పెడళ్ల దగ్గరి పళ్ల చక్రాలు పెద్దదీ చిన్నదీ ముందు పెట్టాడు. పెద్దదే బిగించమన్నాను. మా ఇంట్లో ఏదైనా పెద్దదే తీసుకుంటాం.

బరువుతో చూడాలి కదా! లింగయ్య క్యారియర్ ఎక్కాడు.

“నేనే దేవర బియ్యం. పోనీయ్!”

రైల్వే బ్రిడ్జి సగం ఎక్కేసరికి పెడల్ మొరాయించింది. కాలు కింద పెట్టక తప్పలేదు.

“అయిపాయె! బియ్యం మాధవరావు తీస్కపోయిండు!” అని లింగయ్య బ్రిడ్జంతా వినిపించేలా అరిచాడు.

తిరిగి వెళ్లి ముందు చిన్న చక్రం, వెనక ఎక్కువ పళ్ల చక్రం వేయించాను. ఇలా వేస్తే ఒక్కో తొక్కుకు సైకిల్ కొంచెమే కదులుతుంది కాని, మోకాలికి బరువు తెలియదు. ఈసారి అదే బ్రిడ్జి ఆగకుండా ఎక్కాను. కాళ్లు మాత్రం కుట్టుమిషన్‌లా ఆడాయి. కూరగాయల గంపతో నడుస్తున్న ఒకామె మమ్మల్ని దాటిపోయి, వెనక్కి తిరిగి నవ్వింది. దేశ్‌ముఖ్ ఇంటివాణ్ణి చూసి గంప మోసే మనిషి నవ్వడమా అనిపించింది. అయితే మా తాత గుర్రం కూడా ఘాటులో నడిచేదే తప్ప ఉరికేది కాదు. అది గుర్తొచ్చాక చిన్న చక్రమే ఖాయం చేశాను.

జాతర నాడు తెల్లవారగానే ఘాటు మొదట్లో ఉన్నాను. వెళ్లదలచినవారికి ఒక మాట: బరువంతా క్యారియర్ మీద పెడితే ఎక్కుడులో ముందు చక్రం లేస్తుంది. రెండు సంచులు చేసి వెనక చక్రానికి అటూ ఇటూ, కిందికి వేలాడేలా కట్టాలి.

నా వెనకే రంగు బండి మీద మాధవరావు, నా కాలు ఎప్పుడు దిగుతుందా అని చూస్తూ. నడిచే ముసలమ్మలు నన్ను దాటిపోయారు.

“దొర కాళ్లు ఉరుకుతున్నయ్, సైకిల్ నడుస్తలేదు!”

అందరూ నవ్వారు. నేను వెన్ను వంచలేదు, తొక్కుడు ఆపలేదు. ఆఖరి మలుపు దగ్గర మాధవరావు ఎడ్లే రొప్పుతూ నిలబడిపోయాయి.

“అన్నా, జర దిగి నీళ్లు తాగరాదే!”

“పైన తాగుత తమ్మీ.”

గుడి ముందు పూజారి రాజయ్య ఎదురొచ్చి, నేను దిగీ దిగకముందే సంచులు విప్పుకున్నాడు.

“నీ గుర్రమెట్ల నడిచింది దొరా?”

“మెల్లగ.”

సాయంత్రం గుట్ట దిగేటప్పుడు కాళ్లకు పనే లేదు. జాతరకు వచ్చిన లింగయ్య క్యారియర్ మీద కొబ్బరి నములుతూ, బ్రేకు గట్టిగా పట్టమని దేవరకూ నాకూ కలిపి మొక్కుతున్నాడు. ఇంత తేలికైన ప్రయాణం నేను ఎరగను. హక్కు మా ఇంట్లోనే ఉంది, సైకిల్ వసారాలో ఉంది.

మా తాత గుర్రపు జీను మాత్రం లేదు. సైకిల్ కొన్న రోజున బస్సులో నా ఒళ్లో ఉన్న మూట అదే. కాళ్లు పెట్టుకునే వెండి రికాబులతో సహా గోల్ బజారులో అమ్మేశాను.