మామగారి బిళ్ళ, స్వామివారి చక్రం

నేను బంగారపు పని నేర్చుకున్న వైనం అడిగిన ప్రతివారికీ ముందే ఒక మాట చెప్పి మరీ మొదలుపెడతాను. ఈ కథలో ఒక దేవుడు, ఒక మామగారు ఉన్నారు. ఇద్దరినీ నేనే పాడుచేశాను. తలకిందులు చేసి ఊరుకున్నా బాగుండేది, చూసేవాళ్ళు తిప్పి పట్టుకునేవారు. నేను చేసింది ఎటు తిప్పినా బాగుపడని పని.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట లేచి, కోనసీమ అంతటా కాలువలు తవ్వుతున్న రోజులవి. కాలువలు వస్తే పడవలు కావాలి. పడవలు కావాలంటే రాజోలులో మా మామగారు కావాలి. ఆయన పేరు బ్రహ్మయ్యగారు, పడవలు కట్టే వడ్రంగి. ఆయన మీసాల నీడలో ఇద్దరు మనుషులు విస్తళ్ళు వేసుకుని భోంచేయవచ్చు. ఇక ఆయన కన్ను సంగతి. గోదావరికి ఈ గట్టున నిలబడి ఆ గట్టున ఉన్న పలకలో వంకర ఎక్కడుందో చెప్పేవారట, అదీ పొగమంచులో. నేను పెంచి చెబుతున్నానని మీరు అనుకుంటున్నారు. ఆయన చెప్పుకునే దాంట్లో ఇది సగం.

నాకు ఆయన కూతురు సీతమ్మతో పెళ్ళయింది. ఆమె కాపురానికి రావలసిన కాలం ఎప్పుడో దాటిపోయింది, మనిషి మాత్రం రాలేదు. అడిగినప్పుడల్లా మామగారు ఎంతో మర్యాదగా ఒకటే మాట అనేవారు.

"తమరు సొంత కుంపటి పెట్టుకున్న రోజున పంపిస్తానండి అల్లుడుగారూ. ఊదుగొట్టం ఊదే మనిషికి పిల్లనిచ్చేనని ఊళ్ళో నవ్వుతున్నారండి."

నేను ఊదుతున్న మాట నిజమే. అమలాపురంలో వీరాచారిగారి దగ్గర శిష్యరికం చేస్తూ, కుంపటి ముందు కూర్చుని ఊది ఊది, నా బుగ్గలు నా కంటే ముందు ఇంట్లోకి వెళ్ళే స్థితికి వచ్చాయి. గురువుగారిది గట్టి పద్ధతి. తానే అచ్చు చెక్కి, తానే రేకు ఒత్తి, తప్పులేని బిళ్ళ ఒకటి చేసి చూపించిన శిష్యుడికే సొంత కుంపటికి సెలవిస్తారు. అంటే బిళ్ళ కుదిరితే కుంపటి, కుంపటి ఉంటే సీతమ్మ. ఇంత సులువైన లెక్కను చెడగొట్టడానికి చాలా ప్రతిభ కావాలి.

ఒకరోజు మామగారే గురువుగారి అరుగు మీద ప్రత్యక్షమయ్యారు. ఉత్తరీయం కొంగు ముడి విప్పి చిన్న బంగారు ముక్క తీశారు.

"ఎప్పుడూ కట్టనంత పెద్ద పడవ కట్టేనండి. ఎల్లుండే నీళ్ళలోకి దింపుతున్నాం. మెడలో వాడపల్లి స్వామి బిళ్ళ వేసుకుని దింపుతానని మొక్కుకున్నాను. అది మా అల్లుడుగారి చేతే చేయించండి. ఆయన పనీ చూసినట్టుంటుందండి."

గురువుగారు నన్ను ఎగాదిగా చూశారు. తేలును దాటబోయే మనిషి చూసినట్టు చూశారు.

"నేను కొత్తపేటలో పెళ్ళివారింటికి పుస్తెలు చెయ్యడానికి వెళ్ళాలిరా. రేపు సాయంత్రానికి వస్తాను. అచ్చు ఎలా చెక్కాలో చెప్పేను కదా, గుర్తుందా?"

"ఆయ్, ఉందండి."

"ఏవిటి గుర్తుంది?"

"అచ్చులో చెడ్డగా కనపడితేనే బిళ్ళలో బాగుంటుందండి."

"అదొక్కటీ మర్చిపోకు. మిగతాదంతా మర్చిపోయినా పరవాలేదు," అని వెళ్ళారు. నేను మిగతాదంతా గుర్తుపెట్టుకున్నాను.

ఇక్కడ మీకు ఆ పని సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే తప్పంతా నాదేననుకుంటారు. కంచు దిమ్మ మీద బొమ్మను గుంటగా చెక్కుతాం. అదే అచ్చు. దాని మీద పల్చటి బంగారు రేకు పరిచి, పైన సీసం ముక్క పెట్టి, సుత్తితో కొడితే రేకు గుంటలోకి దిగుతుంది. తీసి తిప్పి చూస్తే బొమ్మ ఉబ్బెత్తుగా ఉంటుంది. అయితే అద్దంలో చూసుకున్నట్టు, అచ్చులో కుడివైపున ఉన్నది బిళ్ళలో ఎడమవైపుకు వస్తుంది. కాబట్టి అచ్చులో స్వామివారి చేతులు తారుమారు చేసి చెక్కాలి. నేను అలాగే చెక్కాను. ఒట్టు. ఇది నా జీవితంలో ఒకరు పక్కన నిలబడి చెప్పకుండా నేను సరిగ్గా చేసిన మొదటి పని.

అయితే బంగారం ఇచ్చిన మనిషి, పని అయ్యేదాకా కుంపటి ఎదుట కూర్చోవడం మావైపు ఆచారం. అపనమ్మకం కాదండీ అని అందరూ అంటారు, అంటూనే ఇంకాస్త ముందుకు జరుగుతారు. మామగారు మర్నాడు పొద్దున్న చద్దన్నం తిని కూర్చున్నవారు రెప్ప వేయలేదు. ఈగ వాలితే ఈగే లేచి వెళ్ళిపోయింది. నేను చెక్కడం ముగించి దిమ్మ తుడవగానే, ఆయన మీసాలు ముందు వంగాయి, తరవాత ఆయన వంగారు.

"అల్లుడుగారూ, ఏవీ అనుకోకండి. స్వామివారు చక్రం ఏ చేత్తో పట్టుకుంటారండి?"

"కుడి చేత్తోనండి."

"మరి ఇక్కడ ఎడమ చేత్తో పట్టుకున్నారు."

"ఇది అచ్చండి మామయ్యగారూ. బిళ్ళలో మారుతుందండి."

"మారుతుందా? అంటే తమరు సుత్తితో కొట్టగానే, స్వామివారు చక్రం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటారన్నమాట."

"ఆయ్."

"శంఖం ఇటు పట్టుకుంటారు."

"ఆయ్, అదీ మారుతుందండి."

"ఒక్క దెబ్బకే."

"గట్టిగా కొడితే ఒక్క దెబ్బకేనండి."

మామగారు దిమ్మ మీంచి తల ఎత్తారు. "నేను ముప్పై ఏళ్ళ నుంచి పడవలు కడుతున్నానండి. ఎడం పక్క పలక ఎడం పక్కనే కొడతాను. నీళ్ళలో దిగేక అదే కుడి పక్కకు వెళ్తుందిలే అని కొట్టలేదు. ఎప్పుడూ వెళ్ళలేదు కూడానండి."

నేను దిమ్మను ఇంకోసారి తుడిచాను. ఇంత మైనం తీసి అచ్చులో ఒత్తి చూపిస్తే సరిపోయేది. ఆ తెలివి నాకు ఇరవై ఏళ్ళ తరవాత, నీళ్ళు తోడుకుంటూ ఉండగా వచ్చింది.

ఆ సమయానికి ఆత్రేయపురం నుంచి పూతరేకులు అమ్ముకుంటూ వచ్చే మంగతాయారు వీధిలో కనపడింది. మామగారికి సాక్షి దొరికింది.

"ఇలా రా అమ్మా. మీ ఊరి పక్కనే కదా వాడపల్లి. స్వామివారిని చూస్తుంటావా?"

"వారం వారం వెళ్తానండి."

"చక్రం ఎటు ఉంటుంది?"

"ఇటండి," అని ఆమె బుట్ట దింపి ఎడమ చెయ్యి ఎత్తింది.

"చూసేరా, ఎడమ చెయ్యి అంటోంది, అచ్చులోలాగే," అన్నాను, ప్రాణం లేచివచ్చినట్టయి.

"నేను స్వామిని కాదండి బాబూ," అంది మంగతాయారు. "నేను దణ్ణం పెట్టే మనిషిని. నాకు ఎడమ పక్కన కనపడుతుంది. అంటే ఆయనకి కుడి."

"అయితే నువ్వు స్వామివై నిలబడు," అన్నారు మామగారు.

ఆమె అటు తిరిగి కుడి చెయ్యి ఎత్తింది. అటు తిరిగేసరికి ఆమె వీపు మాకు కనపడింది. "స్వామివారు వీపు చూపించరు కదమ్మా," అని మామగారు ఆమెను ఇటు తిప్పారు. ఇటు తిరిగినా ఆ చెయ్యి ఎత్తే ఉంది, కాని ఈసారి అది ఎటు ఉన్నట్టో ముగ్గురికీ తెలియలేదు. మామగారు ఆమెకు ఎదురుగా నిలబడి, ఆమె చెయ్యికి సరిగ్గా ఎదురుగా ఉన్న చెయ్యి ఎత్తారు. అది ఆయన ఎడమ చెయ్యి. నేను ఇద్దరి మధ్యా దిమ్మ పట్టుకుని, ఎందుకైనా మంచిదని రెండు చేతులూ ఎత్తాను. కొబ్బరికాయల బండి ఒకటి మలికిపురం వెళ్తూ మా ముందు ఆగింది. కాలువకి గండి పడిందేమో, అందరూ దేవుణ్ణి పిలుస్తున్నారనుకుని బండివాడు కూడా చెయ్యి ఎత్తాడు. అతని ఎద్దులు మాత్రమే ఆ పూట అక్కడ ఎడమ కుడి తెలిసిన జీవాలు.

"గురువుగారు ఏవన్నారు?" అని మామగారు అడిగారు.

"చెడ్డగా కనపడితేనే మంచిదన్నారండి."

"స్వామివారు చెడ్డగా కనపడటం మంచిదా? ఆ మాట ఆయన దేని గురించి అన్నారో, తమరు దేనికి తగిలించుకున్నారో. చూడండి, నేను బలవంతం చెయ్యను. తమరి అచ్చు తమరిష్టం. అమ్మాయి అక్కడ ఎదురుచూస్తోంది."

చివరి మాట ఆయన ఎంత మెత్తగా అన్నారంటే, అది నా చెవిలోకి కాక నేరుగా ఉలిలోకి వెళ్ళింది. అప్పటికి నేను అన్నం తినే చెయ్యి ఏదని ఎవరైనా అడిగితే, విస్తరి తెమ్మని, తిని చూసి చెప్పేవాణ్ణి. దిమ్మ తిరగేశాను. రెండో వైపు నున్నగా ఉంది. దాని మీద మళ్ళీ చెక్కాను. ఈసారి చేతులు తారుమారు చేయలేదు. చక్రం ఎక్కడ ఉండాలని కళ్ళకు తోచిందో అక్కడే పెట్టాను.

మామగారు ఆ అచ్చుకు దణ్ణం పెట్టారు. "ఇప్పుడండి, ఇప్పుడు స్వామిలా ఉన్నారు." మంగతాయారు చెంపలు వేసుకుంది. బండివాడు ఒక కొబ్బరికాయ కొట్టాడు. ఇంత మంది ఒక్కసారిగా నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. అనుమానం రావలసింది.

రేకు పరిచాను, సీసం పెట్టాను, కొట్టాను. రేకును పటకారుతో తీసి, తిప్పి, మామగారి అరచేతిలో పెట్టాను. సరిగ్గా అప్పుడే గురువుగారు కొత్తపేట నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నారు.

మామగారు బిళ్ళను చూశారు. దగ్గరగా చూశారు. దూరంగా చూశారు. గోదావరి అవతలి గట్టున ఉన్నంత దూరంగా కూడా చూసి ఉంటారు.

"అల్లుడుగారూ," అన్నారు నెమ్మదిగా, "మళ్ళీ మార్చుకున్నారేవిటండి?"

నిజమే. స్వామివారు నిక్షేపంగా ఎడమ చేత చక్రం, కుడి చేత శంఖం పట్టుకుని చిరునవ్వు నవ్వుతున్నారు. ఆ నవ్వు నన్ను చూసి నవ్విందేనని నాకు ఇప్పటికీ నమ్మకం.

గురువుగారు బిళ్ళ అందుకుని, కుంపటి వైపు చూశారు. "దీన్ని కరిగించి మళ్ళీ ఒత్తుదాం."

మామగారు బిళ్ళను లాక్కుని గుండెకు హత్తుకున్నారు. "స్వామిని నిప్పుల్లో పెడతారా? అందులో పడవ దింపే ముందు? దణ్ణం పెట్టేసేనండి ఈయనకి. ఇంక ఎలా ఉంటే అలాగే ఉంటారు."

గురువుగారు దిమ్మ తీసుకుని ఒక వైపు చూశారు. తిప్పి రెండో వైపు చూశారు. చాలాసేపు చూశారు.

"ఇదెవరు చెక్కేర్రా?"

"నేనేనండి."

"ఇదీ?"

"అదీ నేనేనండి."

"ఒప్పూ నువ్వే చెక్కేవు, తప్పూ నువ్వే చెక్కేవు. ముందు ఒప్పే చెక్కినట్టున్నావు. మధ్యలో ఏవయ్యింది?"

నేను మామగారి వైపు చూశాను. మామగారు కప్పు వైపు చూస్తూ, దూలంలో వంకర వెతుకుతున్నారు.

గురువుగారికి అర్థమైంది. అయినా మొహంలో ఏమీ కనపడనివ్వకుండా అన్నారు. "ఎవరివల్ల అయినా తప్పు తప్పే. సొంత కుంపటికి ఇప్పుడే సెలవివ్వలేను. ఇంకో రెండేళ్ళు ఊదు."

నా గుండె కుంపటిలో పడింది. సీతమ్మ రాజోలులో ఇంకో రెండేళ్ళు. ఊదుగొట్టం కోసం చెయ్యి చాపాను. ఇంతలో మామగారు ముందుకు జరిగారు.

"ఇదిగో, ఈ సంగతి రాజోలు దాకా రాదు కదండి?"

"ఎందుకు రాదండి," అన్నారు గురువుగారు, కాళ్ళు కడుక్కుంటూ. "మావాడు రెండేళ్ళు ఈ అరుగు మీదే ఊదుతూ కూర్చుంటాడు. వచ్చిన ప్రతి మనిషీ, ఇంకా ఎందుకు ఊదుతున్నావని అడుగుతాడు. అబద్ధం ఆడటం నేను వీడికి నేర్పలేదండి. అది ఒక్కటే నేర్పలేదు."

మామగారి మీసాలు రెండూ రెండు వైపులకి దిగాయి. ఎడమదేదో కుడిదేదో నేను చెప్పను.

"ఎడమా కుడీ తెలీని వాడు కట్టిన పడవ ఎవరెక్కుతారండి?" అన్నారు ఆయన, ఎవరినీ కాకుండా ఆ బిళ్ళనే అడుగుతున్నట్టు.

"అదీ నిజమేనండి," అన్నారు గురువుగారు. "అబ్బాయి సొంత ఇంట్లో, సొంత కుంపటి ముందు ఉంటే అడిగేవాళ్ళు ఉండరు. ఆ మొదటి అచ్చు చూస్తే పని వచ్చినట్టే ఉంది. సెలవిద్దామనే అనిపిస్తోంది. కాని ఒంటరి మనిషి, సాయంత్రమైతే అరుగులెక్కి కబుర్లు చెబుతాడు. ఇంట్లో భార్య ఉంటే ఆ బెడద ఉండదు."

మామగారు నా వైపు తిరిగారు. ఆయన అంత మర్యాదగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు, తరవాతా వినలేదు.

"అల్లుడుగారూ, పడవ దింపగానే అమ్మాయిని పంపిస్తానండి. తమరు ఈ మాట ఎవరికీ చెప్పకండి."

చెప్పనని అక్కడే ఒట్టు వేశాను. మామగారు బిళ్ళను తిప్పి, స్వామివారి మొహం తన గుండె వైపు ఉండేలా తాడుకు కట్టుకున్నారు. మర్నాడు పడవ దింపేటప్పుడు, ఎందుకలా వేసుకున్నారని ఎవరో అడిగితే, "స్వామి నన్ను చూడాలి గాని మిమ్మల్ని ఎందుకండి" అన్నారట.

సీతమ్మ వచ్చింది. పెట్టె దింపి, పాలు పొంగించి, కొత్త కుంపటి చుట్టూ ముగ్గు వేసింది. ఇక మాట్లాడుకోవడానికి తీరిక దొరికాక, నేను చాలా గంభీరంగా మొహం పెట్టి అన్నాను.

"మీ నాన్నగారి బిళ్ళ సంగతి నన్ను అడగకు. చెప్పకూడదు."

"అడగనండి," అంది సీతమ్మ. "పూతరేకుల మంగతాయారు చెప్పింది. అమలాపురం నుంచి రాజోలు దాకా బుట్ట దింపిన ప్రతి గుమ్మంలోనూ చెప్పింది. చెయ్యెత్తి చూపించి మరీ చెప్పింది. ఊరంతటికీ తెలుసండి. ఊరికి తెలుసని నాన్నగారికి ఒక్కరికే తెలీదు."

"మరి పడవలు?"

"పడవలు ఎప్పట్లాగే కట్టించుకుంటున్నారండి. ఎడమ ఏదో కుడి ఏదో పడవ ఎక్కేవాళ్ళు చూసుకుంటారటలెండి."

పని చెడినందుకు భార్య దొరికిన స్వర్ణకారుడు భూప్రపంచంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. అయినా చెడింది చెడిందే. వెంటనే లేచి, కుంపటికి ఎదురుగా నిలబడి, సీతమ్మ సాక్షిగా, ఇక ఈ జన్మలో అచ్చు చెక్కేటప్పుడు మామగారి మాట గాని, పూతరేకుల మనిషి మాట గాని, నా కళ్ళ మాట గాని వినబోనని, కుడి చెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను.

అది ఎడమ చెయ్యి అంది మా ఆవిడ.