పంతొమ్మిదో నంబరు మంచె

ఆ రోజుల్లో మా టేకులపల్లి రోడ్డు మీద సీటుకు నంబరు ఉంటుందని ఎవరన్నా చెబితే, పాపం ఎండదెబ్బ తగిలిందేమో అనుకునేవాళ్లం. నడుము ఆనిన చోటల్లా సీటే. నేను కొత్తగూడెం దాకా కిరాయి జీపు తోలేవాణ్ణి. పదిమంది పట్టే బండిలో ఇరవైమందిని మేకపిల్లలతో సహా ఎక్కించి, "ఇంకొంచెం జరుగుర్రి, గాలి కూసున్న జాగ ఖాళీగనే ఉన్నది" అనేవాణ్ణి. (ఎనిమిదో తరగతిలో లెక్కల సారు నన్ను బెంచీ మీద నిలబెడితే, ఎలాగూ ఎత్తు మీదున్నాం కదా అని కిటికీలోంచి దూకి వచ్చేసిన చదువు నాది. అయినా మనుషుల్ని కుక్కే లెక్కలో నన్ను మించినవాడు ఆ దారిలో లేడు.)

మా మేనమామకు పాల్వంచలో కంపెనీ ఉద్యోగం. ఆయనకు ఒక్కతే కూతురు. ఆ పిల్లను నాకే ఇస్తారని చిన్నప్పటి నుంచీ ఇంట్లో మాట. ఆ మాట నాకూ ఇష్టమే, ఆ పిల్లకూ ఇష్టమే. కానీ ఈ మధ్య కంపెనీలో పర్మినెంటు కుర్రాడి సంబంధం ఒకటి వచ్చి, మామ మనసు అటొకసారి ఇటొకసారి ఊగుతోంది. సరిగ్గా అప్పుడే మా అమ్మమ్మకు, అంటే మామ తల్లికి, తిరుపతి మొక్కు గుర్తుకొచ్చింది. మామ నన్ను పిలిచి, "ఇగో అల్లుడూ, నోరు తప్ప నీకింకేమన్న ఉన్నదా లేదా చూస్త. టికెట్లు నువ్వే తీయి, ముందల నువ్వే నడువు. అమ్మ సుఖంగ పండుకోని పోవాలె, సుఖంగ రావాలె. పిల్ల సంగతి తర్వాత మాట్లాడుదాం" అన్నాడు. అది పరీక్షని అర్థమైంది. సిలబసే అర్థం కాలేదు. అప్పటికి రైలును నేను గేటు పడినప్పుడు జీపులోంచి చూడటమే.

టికెట్ల మీద పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవైనాలుగు అని పడ్డాయి. నేను బస్సు లెక్క వేశాను. మామా అమ్మమ్మా పక్కపక్కనే, అమ్మమ్మది కిటికీ, నేను రెండు వరసల వెనక. ఆ మాటే దారి పొడవునా వాళ్లకు చెబుతూ ఖమ్మం స్టేషన్‌కు తీసుకుపోయాను. తీరా సాయంత్రం రైలెక్కి చూస్తే, కింద పదిహేడు ఉంది, నెత్తి మీద కప్పుకు ఆనుకొని పంతొమ్మిది ఉంది, మధ్యలో ఉండాల్సిన పద్దెనిమిది లేదు! "మా పద్దెనిమిది ఏదండీ?" అని పదిహేడులో కూర్చున్న బట్టల షావుకారును అడిగాను. ఆయన మామ వైపు చూపించి, "వారు వీపు ఆనించిందే బాబూ. పడుకునేటప్పుడు పైకెత్తి గొలుసు తగిలించాలి" అన్నాడు. ఇక ఇరవైనాలుగు, నడిచే దారికి అవతల, పక్క కిటికీ మీద, అదీ పైనే. పక్కపక్కన కాదు, ఒకరి మీద ఒకరన్నమాట.

మామ పైకీ కిందికీ చూసి, "ఏంది అల్లుడూ, నాకు వీపు కొన్నవు, మా అమ్మకు అటక కొన్నవు. డెబ్బై దాటిన ముసల్దాన్ని అటక మీదికి ఎత్తుతవా?" అన్నాడు. అమ్మమ్మ నోట్లో వక్క నములుతూ పైకి చూస్తూ ఉంది. ఆ చూపు భయమే అనుకున్నాను. పర్మినెంటు కుర్రాడు నా కళ్లముందే పెళ్లిపీటల మీద కూర్చున్నాడు.

ఇక నాలోని జీపు డ్రైవరు లేచాడు. షావుకారును బతిమాలితే, "ముసలావిడకు ఇస్తాను గానీ, నాకు గాలాడాలి. ఆ పక్క కిటికీ దగ్గరి ఇరవైమూడు ఇప్పించు" అన్నాడు. ఇరవైమూడులో ఒక కొత్త పెళ్లికొడుకు. వాళ్లావిడకు డబ్బా చివర్లో ఎక్కడో చోటు వచ్చిందట. "అన్నా, ఆమె ఎదురుంగ నాకు జాగ ఇప్పిస్తే ఇది నీదే" అన్నాడు. ఆమె ఎదురుగా ఒక జవాను ఉన్నాడు. పైబెర్తు ఏదైనా సరే అన్నాడు పుణ్యాత్ముడు. నా ఇరవైనాలుగు ఆయనకిచ్చేశాను. పెట్టె ఒకరిది, చెప్పులు ఒకరివి, ఎవరి వెనక ఎవర్ని మోశానో నాకే తెలియకుండా అందర్నీ సర్ది, అమ్మమ్మ కిందికి, నేను అమ్మమ్మ పంతొమ్మిదిలోకి అని లెక్క తేల్చుకొని, గెలిచిన పుంజులా తిరిగొచ్చాను.

వచ్చేసరికి అమ్మమ్మ పంతొమ్మిదిలో ఉంది. చీర గోచీ బిగించి, మూట తలకింద పెట్టి, చేతికర్ర పక్కన పడుకోబెట్టుకుంది.

"దిగు అమ్మమ్మా, నీకు కింద మంచి పక్క సంపాదించిన!"

"నేనెందుకు దిగుత? ఏండ్లకేండ్లు జొన్నచేన్ల మంచె మీద పండుకోని పందుల్ని కొట్టినదాన్ని. కిందెవడన్న పంటడా? ఈడికెళ్లి ఎవడొస్తున్నడో ఎవడు పోతున్నడో అంత కనబడతాంది. మా మంచెకు గింత గట్టి నిచ్చెన కూడ లేకుండె."

నోరు తెరిచి కిందికి చూస్తే, పదిహేడులో మామ కాళ్లు చాపి ఉన్నాడు. "గిది నువ్వు సంపాదించిందేనా? బాగున్నదిరా" అన్నాడు. పోనీ ఆయన పద్దెనిమిదిలో నేను ఒరుగుదామంటే, అందులో ఎవరో ముసలాయన గురక పెడుతున్నాడు. "టికెట్టు పక్కా కాలేదంట, నిలవడ్డడు. పండుకునేటోడు లేని మంచం ముందల మనిషిని నిలవెడతమా? ఇచ్చిన. నీకు ఇరవైనాలుగు ఉన్నది గద?" అన్నాడు మామ.

ఇరవైనాలుగులోంచి జవాను బూట్లు వేలాడుతున్నాయి. నా కాడ పడక లేదంటే పరీక్ష పోయినట్టే.

"అవ్ మామా, ఉన్నది" అన్నాను.

దీపాలార్పాక నడిచే దారిలో మా సంచి మీద కూర్చున్నాను. బాత్రూముకు పోయే ప్రతివాడికీ లేచి దారి ఇవ్వడమే నా డ్యూటీ. టీసీ వచ్చి "నీ బెర్తేది?" అని అడిగాడు. "నాలుగు నంబర్లు తెలుసు సార్, వాటిల ఒక్కటీ నాది కాదు" అన్నాను. ఆయన చార్టు చూశాడు, నన్ను చూశాడు, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక అవతలికి పోయాడు.

తెల్లవారి అమ్మమ్మ పైనుంచే తీర్పు చెప్పింది. "కొడకా, రాత్రి మెలకువ వచ్చినప్పుడల్ల చూసిన. ఈ పోరడు కన్ను మూయలె. ఎవడొచ్చినా లేచి నిలవడ్డడు. పందుల కావలికి కూడ ఇంత ఒళ్లు దగ్గర పెట్టుకున్నోన్ని చూడలె. నీ పర్మినెంటోడు కూసుంటడా గిట్ల? పిల్లను ఈనికే ఇయ్యి."

మామ నా ఎర్రటి కళ్లు చూశాడు. తర్వాత ఇరవైనాలుగులో దుప్పటి మడతపెడుతున్న జవానును చూశాడు. గడ్డం గోక్కొని అన్నాడు: "వచ్చేటప్పుడు నా మంచం ఎవరికీ ఇయ్యనులే. నువ్వే పండుకో, అల్లుడూ."

ఇప్పుడు జీపు లేదు, అమ్మమ్మ లేదు, మామ ఊగడం మానేసి ఏళ్లయింది. టికెట్లు మా ఆవిడే ఫోన్లో తీస్తుంది. రైల్లో ఎవరైనా "అన్నా, కొంచెం కింది బెర్తు..." అని మొదలుపెట్టగానే, "ముందు నీది ఏదో చూస్కో" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. నేను మాత్రం ఎప్పుడూ పైదే అడుగుతాను. మోకాళ్లు కటకటమంటున్నా ఎక్కి ఒరిగితే, అమ్మమ్మ చెప్పినట్టే, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ అంతా కనబడతారు. సంచి మీద కూర్చున్న ఆ ఎర్రకళ్ల పోరడు ఒక్కడే కనబడడు. కనబడితే పిలిచేవాణ్ణి. ఇద్దరం కొంచెం జరిగితే పట్టకపోతామా!