నీలిపూల చెట్టు, పాత చెప్పు

మా అత్తగారింట్లో గుమ్మడిపాదుకు కట్టిన పాత చెప్పు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కడపలో పుట్టిన నన్ను ఓర్వకల్లు పక్క పల్లెకు ఇచ్చారు. కాపురానికి వస్తూ మా అమ్మ పెరట్లోని నీలిపూల కొమ్మ ఒకటి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్నాను. మా నాయన తోటపని చేసే బంగళా నుంచి వచ్చిన చెట్టది. దాన్ని సాల్వియా అంటారని మొన్నమొన్న నర్సరీలో తెలిసింది. ఆకు నలిపితే మందు వాసన, కంకుల నిండా పూలు, పొద్దెక్కేసరికి చుట్టూ తేనెటీగలు. మా అమ్మ దాన్ని గుమ్మడిపాదు పక్కనే పెట్టేది. ఈగలు వాలకపోతే పిందె నిలవదని ఆమె లెక్క.

నేనూ అట్లే పెట్టాను. తాగేనీళ్ళకే తన్నుకునే ఊరు, అందుకని మంచినీళ్ళు చుక్క పోయలేదు. అంట్ల నీళ్ళు, కొర్రలు కడిగిన నీళ్ళు పోసి పెంచాను. నడుమెత్తు గుబురైంది. ఆ ఏడు గుమ్మడికాయలు మాకు పోను పక్కిళ్ళకు కూడా పంచాం. అయినా అత్తకు ఆ చెట్టు కంట్లో నలుసే. దేవుడికి పెట్టేకి లేదు, కొప్పులో తురుముకునేకి లేదు, మేకలు కూడా ముట్టవు, దాన్నేం చేసుకుంటావని రోజూ సాధించేది.

మరుసటేడు పుట్టింట్లో నాలుగు రోజులుండి వచ్చేసరికి చెట్టు లేదు. చెట్టు పక్కనే ఉన్న, నీళ్ళు పోసుకునే బండ దగ్గర మామ చెవి మీద తేనెటీగ కుట్టిందట. వేళ్ళతో సహా పెరికి, ఎండబెట్టి, పొయ్యిలో పెట్టేశారు. నా చెట్టు! నన్నొక మాట అడగాలని ఒక్కరికీ తోచలేదు. ఆ పూట నేను సంగటి ముట్టలేదు.

తర్వాత గుమ్మడి పూసింది. పిందెలు పసుపెక్కి రాలిపోయాయి. దిష్టి అన్నారు. అత్త ఎక్కడిదో పాత చెప్పు వెదికి పాదుకు కట్టింది. అయినా రాలాయి. అప్పుడు నా మీద పడింది.

“నీ కండ్లే పడినాయి. ఇంగ ఆ పాదు దిక్కు పోవద్దు.”

చెట్టు పీకింది వాళ్ళు, కండ్లు చెడ్డవి నావి! ఈగలు రాని ఏడు మా అమ్మ మగపువ్వు కోసి ఆడపువ్వులో అద్దేది. పోవద్దన్న పాదు దగ్గరికే తెల్లారి పోయి, రెండు పూలకు అట్లే అద్దాను. రెండూ నిలిచాయి. చెప్పు పనిచేసిందని అత్త ఇరుగుపొరుగును పిలిచి మరీ చూపించింది.

ఇక ఊరుకోలేదు, అందరి ముందూ అనేశాను.

“కాయ నిలిపింది చెప్పు కాదత్తా, నా చెయ్యి. మగపూలు తెచ్చి అద్దినా. ఈగల్ని తరిమినారు కదా, రేపట్నించి ఆ పని మీ చెప్పే చేసుకుంటాది.”

నేను మళ్ళీ పాదు దగ్గరికి పోలేదు. పూసినవి పూసినట్టే రాలాయి. మామ రోజూ చూసేవాడు. ఒకనాడు నేను కడపకు బయలుదేరుతుంటే బండి దగ్గరికి వచ్చాడు.

“ఆ నీలిపూల కొమ్మ ఒకటి తెచ్చుకోమ్మా. బండకు దూరంగా పెట్టుకుందువు.”

తెచ్చాను, పెట్టాను. ఈగలు వచ్చాయి, కాయలు నిలిచాయి. అత్త మాత్రం బతికినన్నాళ్ళూ ఆ చెప్పును విప్పనీయలేదు. కాయలు బాగా కాశాయన్న ప్రతి ఒక్కరికీ దాన్నే చూపించేది.