గోంగూర మాంసంలోకి ఎర్ర వైను

మా తమ్ముడు బెంగళూరులో హోటల్ చెఫ్. మొన్న దసరా సెలవులకు నరసరావుపేటలో మా ఇంటికొస్తూ కాబెర్నే అనే నల్లద్రాక్షతో చేసిన వైను తెచ్చి, "మాంసంలోకి చానా బాగుంటదక్కా" అన్నాడు.

అత్తయ్య పక్కింటికి వెళ్ళగానే, ఆవిడ వండిన గోంగూర మాంసం తింటూ ఒక గుక్క తాగాను. ఒకటే వగరు, ఇనుము నాకినట్టుంది! ఎందుకిలా అని తమ్ముడు చేసిన మిరియాల మాంసం వేపుడుతో తాగి చూశాను. ఆ వగరే కమ్మగా మారిపోయింది.

ఇంతలో అత్తయ్య వచ్చేశారు.

"ఏందమ్మాయ్, నాలుక నల్లబడింది?"

"నేరేడు పళ్ళు తిన్నానత్తయ్యా."

"దసరాకు నేరేడు పళ్ళా?"

ఆవిడ నా గ్లాసు తీసుకుని, వాసన చూసి, ఒక గుక్క తాగారు.

"దీంట్లోకి గోంగూర పులుపు పడదే. ఈసారి ఉత్త మాంసం వండుతాలే."

ఆవిడకా సంగతి ఎలా తెలుసో అడిగే ధైర్యం నాకింకా రాలేదు.