జిస్లెన్ గొంతు మారాక

మా ఊళ్లో బొగ్గుగనులు మూతబడ్డాయి గానీ ఆదివారం మధ్యాహ్నపు డాన్సులు మాత్రం ఆగలేదు. దెజిరే తన కెఫేలో బల్లలన్నీ గోడవారకు జరిపించేవాడు. నేను భుజాలకు అకార్డియన్ తగిలించుకుని వాయించేవాణ్ణి. పాడేది జిస్లెన్.

మిగతా రోజుల్లో ఆమె బడి వంటశాలలో పిల్లలకు వడ్డించేది. తండ్రి గని కార్మికుడు. తల్లి రేడియో పెట్టుకుని ఇస్త్రీ చేస్తుంటే పక్కన కూర్చుని పాటలన్నీ పట్టేసింది. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అయినా పైస్వరంలో గొంతు నిలిపిందంటే, డాన్సు చేసేవాళ్లు కూడా తల తిప్పి చూసేవారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. పాటకు ముందు చెవిపోగులు సవరించుకోవడంలోనే ఆ గర్వం కనిపించేది.

యాభై దాటాక మెడలో గడ్డ తేలింది. ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు గానీ, గడ్డను అంటుకుని ఉన్న గొంతు నరం దక్కలేదు. పైస్వరాలు పోయి, గరగరలాడే కింది గొంతు మిగిలింది. ఆ చలికాలమంతా ఆమె కెఫే వైపు రాలేదు. దెజిరే రికార్డులు పెట్టి నెట్టుకొచ్చాడు.

చలి తగ్గాక వాళ్లింటికి వెళ్లాను. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఆదివారం రా," అన్నాను.

"వచ్చి ఏం చెయ్యను? గ్లాసులు కడగనా?"

"పాడు."

"ఈ గొంతుతోనా? మా పిల్లి నయం, రెమీ."

"శ్రుతి దించి వాయిస్తాలే. అందని చోట మాట్లాడినట్టు చెప్పెయ్."

వచ్చింది. 'ఆయన ఊరెళ్లాడు' అనే పల్లవితో మా వాళ్లకు బాగా అలవాటైన, జంటలు తిరుగుతూ ఆడే వాల్ట్జ్ పాట ఒకటుంది. దాన్నే ఎత్తుకుంది. ఊపిరి చాలక నెమ్మదిగా పాడుతుంటే నేనూ వేగం తగ్గించాను. ముందు ఒక జంట ఆగింది, తర్వాత మరో జంట. చివరికి అందరూ ఉన్నచోటే నిలబడిపోయారు.

"ఇదేం డాన్సయ్యా, సంతాపసభలా ఉంది. కాస్త తొందరగా కానియ్," అన్నాడు దెజిరే బీరు పంపు దగ్గర నుంచి.

జిస్లెన్ వినిపించుకోలేదు. పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నూలుమిల్లులో పనిచేసి మానేసిన లూసియెన్, తన జోడీ చెయ్యి వదలకుండానే అడిగింది:

"ఇన్నేళ్లుగా దీనికి గిరగిరా తిరిగానమ్మా. ఆ మొగుడు నిజంగా ఊరెళ్లాడనే అనుకున్నాను. వెళ్లలేదా?"

"లేదు లూసియెన్ గారూ. పెళ్లాన్ని వదిలేశాడు. కిటికీలోంచి ఎవరైనా చూస్తారేమోనని ఆమె రోజూ రెండు పళ్లేలు పెడుతుంది."

"మరి ఎప్పుడూ చెప్పలేదే?"

"ప్రతిసారీ పాడుతూనే ఉన్నాను. నాకే వినపడలేదు. ఆ చరణం చివర పైస్వరం ఉంది కదా, ధ్యాసంతా దాని మీదే."

దెజిరేకు ఇది నచ్చలేదు. జనం నిలబడిపోతే దాహం వెయ్యదని అతని లెక్క. డాన్సులకు కీబోర్డు వాయించే జంటను కుదుర్చుకున్నాడు. అవి అయిపోయాక మాత్రం జిస్లెన్‌ను పాడుకోమన్నాడు. మొదట్లో చాలామంది కోట్లు తొడుక్కుని వెళ్లిపోయేవారు. లూసియెన్ కుర్చీ ముందుకు లాక్కుని కూర్చునేది. ఆమెను చూసి మరికొందరు ఆగడం మొదలుపెట్టారు.

ఇప్పుడు గురువారాలు మా ఇంట్లో సాధన. పాత పాటలన్నీ మాట మాటా చదివి, సగానికి పైగా తీసేసింది. అందులో ఆమెకు ఊళ్లో పేరు తెచ్చిన పాట కూడా ఉంది.

"అదెందుకు తీసేశావు?" అన్నాను.

"దాన్లో మనిషెవరూ లేరు రెమీ. ఉన్నదంతా నా గొంతే."

ఒకసారి నేను నోరు జారి, ఆ గొంతు పోవడమూ ఒకందుకు మంచిదే అయిందన్నాను. ఆమె కాఫీ కప్పు కింద పెట్టింది.

"మంచిదేం కాదు. గిన్నెలు తుడుస్తూ ఇప్పటికీ పైస్వరానికి వెళ్లబోతాను. అక్కడేమీ ఉండదు. ఉన్నదాంతో పాడుతున్నా, అంతే. వాయించు."

వాయించాను.